ఇరవయ్యో హాజరు

అప్పాజీగారు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పడ్డారు.

ప్లాస్టిక్ కుర్చీలు చాలామంది ఎక్కుతారు, కొందరు పడతారు. ఈయన విషయంలో విశేషం ఏమిటంటే, బహ్రెయిన్ దేశంలో అస్కర్‌లో ఆయన పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో 'కుర్చీలెక్కరాదు' అని నాలుగు భాషల్లో నోటీసు అంటించింది ఆయనే. సేఫ్టీ ఆఫీసరు. మెట్లు దిగేటప్పుడు ఫోన్ చూశారని ఇంజనీర్లకి కూడా మెమోలు ఇచ్చిన మనిషి. అలాంటి మనిషి బుసైతీన్‌లో మూడో అంతస్తు ఫ్లాట్లో, వంటింటి అలమారా మీదున్న ఆవకాయ జాడీ అందుకోబోయారు. జాడీకి ఏమీ కాలేదు. చీలమండ విరిగింది.

నేల మీద పడి ఉండగానే ఆయన అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పకు."

"డాక్టరుక్కూడానా?" అంది సత్యదుర్గ. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆవిడకి మొగుడి నొప్పికన్నా పరువు ముందు కనిపిస్తుంది, అలవాటు.

కాలికి ఆరు వారాల పిండికట్టు వేశారు. ఆఫీసుకి వైరల్ జ్వరం అని కబురు వెళ్లింది. అంతవరకూ బాగానే ఉంది. రేసుకి పదకొండు రోజులే ఉన్నాయి.

పెర్ల్ కప్పు అంటే బహ్రెయిన్ దక్షిణాన ఎడారిలో ఏడాదికోసారి జరిగే కార్ల రేసు. నాలుగు కిలోమీటర్ల గుడ్డు ఆకారం ట్రాకు, మలుపుల్లో పెద్ద గిన్నె అంచులా పైకి లేచి ఉంటుంది. నలభై కార్లు, చూడ్డానికి రోడ్డు మీద తిరిగే కార్లలాగే ఉంటాయి గాని తలుపులుండవు, డ్రైవరు కిటికీలోంచి దూరతాడు. గంటకి మూడొందల కిలోమీటర్ల వేగంతో వంద చుట్లు, అన్నీ ఎడమవైపే. "అంతసేపూ ఎడమవైపే తిరగడంలో అంత గొప్పేమిటండీ, మా గానుగెద్దు తిరిగేది కాదూ?" అని మొదటి రేసప్పటిలాగే సత్యదుర్గ ఇప్పటికీ అడుగుతుంది. అప్పాజీ జవాబు చెప్పరు. గొప్పవాళ్లు ఇంట్లో జవాబులు చెప్పరు.

ఆ రేసులో ఆయన మార్షల్. అంటే జీతం లేని కాపలా. నారింజ రంగు తొడుగు వేసుకుని, మూడో మలుపు దగ్గర గోడ వెనక నిలబడి, జెండా ఊపి, ట్రాకు మీద పడ్డ రేకు ముక్కలు ఏరి, మంటలొస్తే ఆర్పే మనిషి. మొదటి ఏడు నుంచీ ఒక్కసారి కూడా మానలేదు. పందొమ్మిది రేసులు. ఎవరింటికి భోజనానికి పిలిచినా, పప్పు వడ్డించేలోపు మొదటి ఏడు చెప్పేవారు: ఇసక తుపాను, నలభై ఒకటో చుట్టులో ఆపేశారు, గెలిచినవాడికి తను గెలిచినట్టు గంటదాకా తెలీదు. పులుసు దగ్గరికొచ్చేసరికి ఏడో ఏడు: పదకొండు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని, ఆఖర్న వస్తున్నవాడు పక్కనుంచి వెళ్లిపోయి కప్పు పట్టుకుపోయాడు. పెరుగు వేళకి కరోనా ఏడు: స్టాండ్లలో ఒక్క ప్రేక్షకుడు లేడు, అయినా అప్పాజీ నిలబడ్డారు. ఆ ఏడు వినకుండా తప్పించుకోవాలని పెరుగు మానేసి చెయ్యి కడుక్కున్నవాళ్లు ఉన్నారు.

ఉగాది సంచికకి ఈ చరిత్ర రాసిమ్మని తెలుగు సంఘం కార్యదర్శి గణపతి అడిగాడు. రెండు పేజీలు చాలన్నాడు. అప్పాజీ పదకొండు రాశారు, ఇరవయ్యో ఏటికి మాత్రం జాగా వదిలారు.

ఆ జాగాలోనే అంతా ఉంది. వరసగా ఇరవై రేసులకి హాజరైన మార్షల్ పేరు ట్రాకు గేటు దగ్గర ఇత్తడి పలక మీద చెక్కుతారు. ఒక్క ఏడు తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఇప్పటిదాకా మూడు పేర్లే ఉన్నాయి, అందులో తెలుగువాడి పేరు లేదు. కాకినాడలో బావమరుదులకి, వాళ్ల వియ్యంకులకి, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుకి ఆయన ముందే చెప్పేశారు. పలక ఫోటో పంపమని వాళ్లూ అడగడం మొదలెట్టారు, తప్పక.

కాకినాడ కాలేజీలో చదివిన మనిషికి ప్రాక్సీ, అంటే తన హాజరు ఇంకొకడి చేత వేయించే ఆలోచన రావడానికి ఎక్కువసేపు పట్టదు. పిండికట్టు ఆరేలోపు వచ్చేసింది.

---

బుల్లబ్బాయిది తుని దగ్గర పల్లె. అస్కర్ క్యాంపులో ఉంటాడు, అప్పాజీ కంపెనీలోనే పరంజీలు కట్టే గ్యాంగులో హెల్పరు. ముప్పై ఆరేళ్లు. అప్పాజీ అంత ఎత్తు, అంత భుజాలు. మార్షల్ తొడుగు, తల మీద ముసుగు, కళ్లకి పెద్ద అద్దాలు వేస్తే లోపల ఎవరున్నా ఒకటే. అప్పాజీ ఇంటి హాల్లో గోడ నిండా ఆయన రేసు ఫోటోలు ఉన్నాయి. అందులో ఒక్కదాంట్లోనూ ఆయన మొహం కనపడదు.

ఆ ఫోటోల మధ్య ఒక ప్రశంసాపత్రం కూడా ఉంది. దానికి కారణం బుల్లబ్బాయే. రెండేళ్ల కిందట అతని చేతికి రేకు గీసుకుని చీము పడితే క్లినిక్‌లో పెన్సిలిన్ ఇంజెక్షన్ చేశారు. పావుగంటలో మొహం గుమ్మడికాయంత అయింది, ఊపిరి ఆడలేదు, చావు తప్పింది. ఆ తర్వాత అప్పాజీ ప్రతి పనివాడి కార్డు మీదా 'పడని మందులు' అని ఒక గడి పెట్టించి, బుల్లబ్బాయి గడిలో స్వయంగా ఎర్ర పెన్నుతో రాశారు. కంపెనీ మెచ్చుకుని పత్రమిచ్చింది. ఎర్ర పెన్ను అప్పట్నించీ ఆయన జేబులోనే ఉంటుంది.

రేసు ముందు శుక్రవారం బుల్లబ్బాయి పెళ్లాంతో సహా వచ్చాడు. లోవమ్మ గలాలీలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది, శుక్రవారం మధ్యాహ్నం సెలవు. ఒకే దేశంలో ఉండి వారానికి నాలుగు గంటలు మొగుడూ పెళ్లాలు. ఆ నాలుగు గంటల్లో రెండు అప్పాజీ తీసుకున్నారు.

సోఫాలో కాలు చాపుకుని, వంటింటి తుండుగుడ్డలు జెండాలుగా పట్టుకుని పాఠం చెప్పారు.

"పసుపంటే?"

"మెల్లగా ఎల్లమనండి."

"ఎరుపు?"

"ఆగిపోమనండి."

"ఆకుపచ్చ?"

బుల్లబ్బాయి తుండుగుడ్డ వంక చూశాడు. "ఇది నీలంలాగుందండి."

"ఉతికితే వెలిసిందిలే, ఆకుపచ్చే అనుకో," అంది సత్యదుర్గ వంటింట్లోంచి.

"ఎవరేం అడిగినా యెస్ సార్ అను," అన్నారు అప్పాజీ. "నోరు విప్పితే నీ ఇంగ్లీషు బయటపడుతుంది. నీ పేరు అప్పాజీయా అంటే?"

"యెస్ సార్."

"మంట ఆర్పే సిలిండర్ ఇస్తారు. అది నా పేరు మీద రాసిస్తారు. ఏం జరిగినా వదలకు, పారేశావంటే నా రికార్డు పాడవుద్ది."

"వదల్నండి."

లోవమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది. సోఫాలో కూర్చోమని ఎవరూ అనలేదు, అంటే కూర్చునేది కూడా కాదు. "ఆ బళ్లు మీదకొచ్చేస్తే ఏటండి బాబుగారూ?" అంది.

"మీదకెందుకొస్తాయమ్మా? పందొమ్మిదేళ్ల చరిత్రలో మార్షల్ ఒక్కడికి గోరు చిట్లలేదు. కావాలంటే చదివి వినిపిస్తాను."

"వద్దండి," అంది లోవమ్మ. తొందరగానే అంది.

ఈ పని చేస్తే స్టోర్ రూములోకి మార్పిస్తానని అప్పాజీ మాటిచ్చారు. ఏసీ గది, నీడ పట్టు డ్యూటీ. బుల్లబ్బాయి దాని గురించి రెండోసారి అడగలేదు, పెద్దమనుషులు మాటిస్తే మళ్లీ అడగడం అవమానించినట్టుంటుందని. వెళ్లేముందు అప్పాజీ తన మార్షల్ కార్డూ, సీపీఆర్ కార్డూ తీసి అతని చేతిలో పెట్టారు. సీపీఆర్ అంటే ఈ దేశంలో మనిషి మనిషేనని చెప్పే కార్డు, గేటు దగ్గర గీకుతారు. "జాగ్రత్త, అది లేకపోతే నేను లేను," అని నవ్వారు.

---

రేసు రోజు శనివారం మధ్యాహ్నం. సత్యదుర్గ పకోడీలు వేసింది. అప్పాజీ టీపాయ్ మీద పిండికట్టు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. మార్షళ్ల బస్సు నడిపే లియాఖత్ పొద్దున్నే ఫోన్ చేశాడు. నిజామాబాద్ వాడు, ప్రాక్సీ సంగతి బయటవాళ్లలో అతనొక్కడికే తెలుసు.

"సార్, గేటు దాటిండు. ఖలాస్, మీ హాజరు పడ్డది."

"ఎవరికైనా అనుమానం వచ్చిందా?"

"ఎవలకొస్తది సార్? మీకన్నా మంచిగ నిలబడ్డడు."

ఆఖరి మాట అప్పాజీకి నచ్చలేదు.

ఇరవై చుట్లు, నలభై చుట్లు. టీవీలో మూడో మలుపు వచ్చినప్పుడల్లా గోడ వెనక నారింజ చుక్క ఒకటి కనపడేది.

"అదిగో నేను," అనేవారు అప్పాజీ.

సత్యదుర్గ ఒకసారి మొగుడి వంకా, ఒకసారి టీవీ వంకా చూసి పకోడీ నోట్లో వేసుకునేది.

అరవై మూడో చుట్టులో ఒక కారు మూడో మలుపులో పైగోడకి గీసుకుంది. ముందు చక్రం ఊడింది. కారు ఎటో పోయింది. చక్రం మాత్రం ఏటవాలు మీదుగా, పిల్లలు దొర్లించే టైరులా, ఏ కంగారూ లేకుండా కిందికి దొర్లింది. గోడ దాటి ముందుకొచ్చిన నారింజ చుక్కల్లో రెండు గోడ వెనక్కి దూకాయి. ఒకటి దూకలేదు. దాని చేతుల్లో ఎర్ర సిలిండర్ ఉంది. దాన్ని గుండెలకి హత్తుకుని అలాగే నిలబడింది. టీవీవాళ్లు టూత్‌పేస్టు ప్రకటన వేశారు.

ప్రకటన పూర్తవకుండానే లియాఖత్ ఫోన్. "సార్, బుల్లబ్బాయికి తాకింది. తొడ ఎముక బయటకొచ్చింది. హోష్‌లనే ఉన్నడు, అంబులెన్స్‌ల పెట్టిన్రు. నేను ఎన్కనే పోతున్న. ఆయన పెండ్లాంకు చెప్పాల్నా?"

"ఆగు," అన్నారు అప్పాజీ. "ఆలోచించనీ."

ఆయన ఇరవై నిమిషాలుగా ఆలోచిస్తూ ఉండగానే సత్యదుర్గ ఫోన్ మోగింది. రేసు ఆఫీసు నుంచి. హిందీలో ఒకమ్మాయి, చాలా మర్యాదగా: అప్పాజీగారి భార్యేనా? కంగారు పడకండి, మీవారి కాలికి దెబ్బ తగిలింది.

సత్యదుర్గ మొగుడి వంక చూసింది. ఆయన చేత్తో సైగ చేశారు, ఏడవమని. ఆవిడకి పక్కింటివాళ్ల చావులకి ఏడ్చిన అనుభవం ఉంది. బాగానే ఏడ్చింది.

ఆ అమ్మాయి కాసేపు ఆగి, ఆస్పత్రివాళ్లు అడుగుతున్న ఒక్క సంగతి చెప్పమంది. మీవారు అన్నిటికీ యెస్ సార్ అంటున్నారట. పేరు అప్పాజీయా అంటే యెస్ సార్. షుగర్ ఉందా అంటే యెస్ సార్. పడని మందులు ఉన్నాయా అంటే యెస్ సార్, ఏ మందు అంటే మళ్లీ యెస్ సార్. నొప్పిలో ఏమంటున్నారో తెలీడం లేదు. మార్షల్ కార్డు మీద మాత్రం ఏమీ లేవని ఉంది. ఇంట్లోవాళ్లని అడగమన్నారు.

సత్యదుర్గ ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టింది. "పడని మందులేమైనా ఉన్నాయా అంటున్నారండీ."

అప్పాజీ తల అడ్డంగా ఊపారు. ఆయనకి ఏ మందైనా పడుతుంది, చిన్నప్పట్నించీ. ఆ రోజు మొత్తమ్మీద ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

"ఏమీ లేవండి," అంది సత్యదుర్గ ఫోన్‌లో, ముక్కు ఎగబీల్చి.

ఫోన్ పెట్టేశాక అప్పాజీ గడ్డం గోక్కున్నారు. "డ్యూటీలో దెబ్బ తగిలితే రేసు పూర్తి చేసినట్టే రాస్తారు. రూల్ ఉంది. హాజరుకి ఢోకా లేదు."

సత్యదుర్గ పకోడీల గిన్నె తీసుకెళ్లి లోపల పెట్టేసింది.

ఏం చెయ్యాలో తోచనప్పుడు అప్పాజీ కాగితాలు ముందేసుకుంటారు. ఉగాది సంచిక వ్యాసం తీసి, ఆఖరి పేజీలో 'ఇరవయ్యో ఏడు' అన్న శీర్షిక కింద గీత గీద్దామని జేబులో పెన్ను లాగారు. గీత ఎర్రగా పడింది. ఆయన ఆ గీత వంక చూశారు. తర్వాత గోడ మీద ప్రశంసాపత్రం వంక చూశారు. ఫోన్ పెట్టేసి అప్పటికి పదిహేను నిమిషాలైంది.

"సత్యా," అన్నారు. "వాడికి పెన్సిలిన్ పడదే."

---

రేసు ఆఫీసుకి పదకొండుసార్లు ఫోన్ చేశారు. ట్రాకు శుభ్రం చేసి రేసు మళ్లీ మొదలెట్టే హడావుడిలో ఎవరూ ఎత్తలేదు. లియాఖత్ ఫోన్ ఎత్తాడు. "నన్ను లోపలికి రానిస్తలేరు సార్, డ్రైవర్‌వి బయట కూసో అంటున్నరు. మీరు జల్ది రాండ్రి."

టాక్సీలో పాతిక నిమిషాలు. చంకకర్రతో అప్పాజీ కౌంటరు దగ్గరికి వెళ్లేసరికి ఒళ్లంతా చెమట. అక్కడ మలయాళీ నర్సు.

"లోపలున్న పేషెంటుకి పెన్సిలిన్ ఇవ్వకూడదు," అన్నారు హిందీలో.

"ఏ పేషెంటు?"

"అప్పాజీ."

"మీరెవరు?"

"నేను అప్పాజీ."

ఆవిడ కంప్యూటరు చూసి, ఆయన్ని చూసి, కుర్చీ చూపించింది. "అప్పాజీ లోపలున్నారు. మీరు కూర్చోండి."

"కాదమ్మా, లోపలున్నది వేరే అతను. నేనే అసలు..."

"సీపీఆర్?"

లేదు. బుల్లబ్బాయి దగ్గరుంది. డ్రైవింగ్ లైసెన్సు ఇంట్లో. ఫోన్ తీసి రేసు ఫోటోలు చూపించారు. ముసుగులు, అద్దాలు. ఈయనెవరో చూడమని నర్సు గార్డుని పిలిచింది. సత్యదుర్గని మాత్రం భార్య అని లోపలికి తీసుకెళ్లారు.

ఆవిడ వెళ్లిన మూడు నిమిషాలకే బయటికొచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది.

"చెప్పావా?"

"ఏం చెప్పనండీ," అంది. "మొహం లేదండీ అక్కడ. కళ్లు లేవు. అంతా... మీ తొడుగు కత్తిరించి కింద పడేశారు. సంతకం పెట్టమన్నారు నన్ను. ఈయన నా భర్త కాదన్నాను. షాక్‌లో ఉన్నారని మంచినీళ్లిచ్చారు."

ఇంజెక్షన్ ఎప్పుడో అయిపోయింది. ఎముక బయటికొచ్చిన గాయం, చీము పట్టకూడదని వెంటనే ఇస్తారు. ఇంటినుంచి ఏమీ లేవని కబురొచ్చిన ఆరు నిమిషాలకి ఇచ్చారట. అంటే పదకొండు ఫోన్లూ, టాక్సీ, సీపీఆర్ గొడవా, ఇవన్నీ అయిపోయిన పని చుట్టూ తిరగడమే.

లోవమ్మ అప్పుడొచ్చింది. లియాఖత్ ఫోన్ చేస్తే గలాలీ నుంచి యజమాని కారు డ్రైవరు దింపాడు. పనిబట్టల్లోనే ఉంది, చేతికి తడి ఆరలేదు. బుల్లబ్బాయి అని అడిగింది. అలాంటి పేరుతో ఎవరూ లేరన్నారు. లేరనగానే ఆవిడ మొహం కొంచెం తేటపడింది. అప్పుడు కుర్చీలో అప్పాజీని చూసింది.

"మీరిక్కడున్నారేటండి బాబుగారూ? ఆయనేడండి?"

అప్పాజీ లేచారు. పందొమ్మిదేళ్ల చరిత్ర కంఠస్థం ఉన్న మనిషికి ఒక్క వాక్యం రాలేదు. లియాఖత్ ఆవిడ్ని పక్కకి తీసుకెళ్లి చెప్పాడు.

సాయంత్రం ఐదు దాటాక బుల్లబ్బాయి పోయాడు. కాగితాల్లో అప్పాజీ పోయారు.

---

తర్వాత పన్నెండు రోజులు అప్పాజీ తాను బతికే ఉన్నానని మూడు ఆఫీసుల్లో సంతకాలు పెట్టారు. చావు కాగితం మీద పేరు మారితే గాని శవం కదలదు. ప్రాక్సీ సంగతి పోలీసులకి చెప్పారు, కుర్చీ సంగతి చెప్పారు, కంపెనీవాళ్లు వెళ్లిపొమ్మంటే మారు మాట్లాడలేదు. ఇత్తడి పలక ఊసు ఎవరూ ఎత్తలేదు. కాకినాడ గ్రూపులో మాత్రం ఒక వియ్యంకుడు 'పలక ఫోటో రాలేదు' అని పెట్టాడు, దండం బొమ్మతో.

ఒక్క సంగతి మాత్రం ఏ ఆఫీసులోనూ చెప్పలేదు. ఇంట్లోవాళ్లని అడిగామని ఆస్పత్రి రాసింది. అది నిజమే.

"నన్నెవరూ అడగలేదండి," అనేది లోవమ్మ ప్రతి ఆఫీసులోనూ. "ఇంట్లోవోళ్లంటే నేను గదండి? ఎవర్నడిగారు?"

ఆవిడ అడిగినప్పుడల్లా సత్యదుర్గ నోరు తెరిచేది. అప్పాజీ చూసేసరికి మూసేది.

పదో రోజున గణపతి వచ్చాడు, పరామర్శకీ, వ్యాసం కోసమూ. అప్పాజీ ఇరవయ్యో ఏడు కూడా రాసి ఉంచారు. ఒక్క పేరా. గణపతి చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గురువుగారూ, శుభమా అని ఉగాది సంచిక. స్పాన్సర్లు చూస్తారు. మొదటి పేజీలో మామిడాకులు కూడా వేశాం." అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "గెలిచినాయన పేరు, వాతావరణం, అంతవరకూ ఉంచుదామా?"

"మీ ఇష్టం," అన్నారు అప్పాజీ.

అలాగే అచ్చయింది. ఇరవయ్యో ఏడు: వాతావరణం అనుకూలించింది.

లోవమ్మ శవంతో పాటు వెళ్లే రోజున అప్పాజీ ఎయిర్‌పోర్టుకి వెళ్లారు, చంకకర్రతో. సత్యదుర్గ రానంది. లోవమ్మ ఒక సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. ఆయన జేబులోంచి కాగితం తీసి ఇచ్చారు, సంచికలో వెయ్యని పేరా.

"ఏటండిది?"

"ఆ రోజు జరిగింది. చరిత్రలో రాశాను. వాళ్లు వెయ్యలేదు."

ఆవిడ కాగితం తిప్పి చూసి వెనక్కిచ్చింది. "అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటానండి. సేతి రాత రాదు. మీరే సదవండి."

ఆయన ఇలా అనుకోలేదు. ఊరెళ్లాక ఎవరిచేతో చదివించుకుంటుందని, అప్పటికి మధ్యలో సముద్రం ఉంటుందని అనుకున్నారు. చుట్టూ చూశారు. ట్రాలీలు తోసుకుంటూ జనం. అద్దాలు పెట్టుకుని చదివారు.

"ఇరవయ్యో ఏడు. అరవై మూడో చుట్టు, మూడో మలుపు. అప్పాజీ అనే మార్షల్ ఇంట్లో ఉన్నాడు. అతని పేరుతో నిలబడిన బుల్లబ్బాయికి చక్రం తగిలింది. సిలిండర్ వదల్లేదు. పడని మందులు ఉన్నాయా అని ఆస్పత్రివాళ్లు అడిగించారు. బుల్లబ్బాయి ఉన్నాయనే చెప్పాడు. లేవని తల ఊపినది..." అప్పాజీ ఆగారు.

"ఎవరండి?"

"...అప్పాజీ. అతనికి తెలుసు."

ఫ్లైట్ పిలుస్తున్నారు. ఆవిడ లేవలేదు.

"మళ్లీ సదవండి," అంది.

చదివారు.

"ఆఖరిదొక్కటీ మళ్లీ."